రోటరీ ఇంజన్ విమానంలో బెల్టుతో నడిచే నీటి పంపు, ఆల్టర్నేటర్ మార్చే పద్ధతి

పాలకొల్లు దగ్గర మా ఊళ్లో మా నాన్నగారికి బియ్యం మిల్లు ఉండేది. ఒక మూల డీజిల్ ఇంజన్, అక్కడి నుంచి గోడ పొడవునా సాగిన ఒకే ఒక షాఫ్టు, ఆ షాఫ్టు మీద వరుసగా పుల్లీలు, ఒక్కొక్క పుల్లీ నుంచి ఒక్కొక్క యంత్రానికి తోలు బెల్టు. ఏదైనా బెల్టు జారితే తుపాకీ పేలినట్టు చప్పుడయ్యేది. హమాలీలు పక్కకు తప్పుకునేవారు, మిల్లు డ్రైవరు ఇంజన్ ఆపి, బెల్టు మళ్లీ ఎక్కించి, కాస్త గుగ్గిలం పొడి చల్లి, పావుగంటలో మిల్లు మళ్లీ నడిపించేవాడు. బెల్టు జారడం అంటే మాకు పావుగంట ఆలస్యం, అంతే. టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు తన గ్యారేజీలో సొంతంగా కట్టుకుంటున్న రెండు సీట్ల విమానానికి మాజ్డా 13బి రోటరీ ఇంజన్ బిగించి, దాని నీటి పంపు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రెండూ ఒకే బెల్టు మీద నడుస్తున్నాయని చూపించినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ పావుగంటే. గాలిలో ఆ పావుగంట దొరకదు.

రెండు విడతలుగా నేను అక్కడ ఉన్న నెలల్లో ఆ బెల్టు వ్యవస్థను మేమిద్దరం పూర్తిగా మార్చాము. తరువాత భీమవరం, కాకినాడ ఇంజనీరింగ్ విద్యార్థులు కొందరు, విదేశాల్లో ఇలాంటి విమానాలు కట్టుకుంటున్న మన గోదావరి జిల్లాల పిల్లలు కొందరు అడిగిన ప్రశ్నలన్నిటికీ కలిపి ఈ మార్గదర్శి రాస్తున్నాను. రోటరీ ఇంజన్ అనే పేరుతో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరిగే ఇంజన్లు కూడా ఉండేవి. ఇక్కడి విషయం అవి కావు. మూడు మూలల రోటరు, గుడ్డు ఆకారపు గదిలో తిరిగే వాంకెల్ రకం ఇంజన్ గురించే ఇదంతా.

బెల్టు ఏమి నడుపుతుంది, ఏమి నడపదు

13బి ఇంజన్‌లో రెండు రోటర్లు ఉంటాయి. ఒక్కొక్క దాని గది పరిమాణం 654 ఘన సెంటీమీటర్లు కాబట్టి ఇంజన్‌ను 1308 సి.సి.గా లెక్కిస్తారు. రోటరు ఒక చుట్టు తిరిగేలోగా దాని మధ్యలోని ఎసెంట్రిక్ షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. పుల్లీ ఈ షాఫ్టు చివరే ఉంటుంది. విమానంలో ఈ షాఫ్టు నిమిషానికి 6000 చుట్లకు అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి, ప్రొపెల్లర్‌కు మాత్రం అంత వేగం పనికిరాదు కాబట్టి మధ్యలో 2.17 లేదా 2.85 వంటి నిష్పత్తితో తగ్గించే గేరు పెట్టె ఉంటుంది. ఆ గేరు పెట్టె ఫ్లైవీలు వైపు బిగుస్తుంది. ముందు ప్రొపెల్లర్ ఉన్న విమానంలో అందువల్ల ఇంజన్ తిరగబడి కూర్చుంటుంది: కారులో ముందు వైపున్న బెల్టు ఇక్కడ పైలట్ కాళ్ల ముందున్న ఫైర్‌వాల్ వైపు వస్తుంది. మామూలు విమాన ఇంజన్లలో చాలావాటికి బెల్టు ప్రొపెల్లర్ వెనకే ఉండి, దాన్ని మార్చాలంటే ప్రొపెల్లర్ విప్పవలసి వస్తుంది. రోటరీలో ఆ బాధ లేదు, కాని ఫైర్‌వాల్‌కూ పుల్లీకీ మధ్య చేయి దూరే చోటు లేకపోతే అంతకన్నా పెద్ద బాధ. ఇంజన్‌ను మోసే గొట్టాల చట్రం, అంటే మౌంటు, వెల్డింగ్ కాకముందే ఈ సందు కొలుచుకోండి. గుప్పెట మూసిన చేయి దూరాలి, స్పానర్ పావు చుట్టైనా తిరగాలి.

కారు నుంచి దించిన ఇంజన్‌కు పవర్ స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసర్, పొగను శుభ్రం చేయడానికి గాలి ఊదే పంపు కూడా వేలాడుతూ ఉండవచ్చు. వాటిని విప్పి పక్కన పెట్టేయడమే, వాటి గురించి ఆలోచించవలసినది ఏమీ లేదు. మిగిలేవి నీటి పంపు, ఆల్టర్నేటర్. ఆయిల్ పంపు ముందు కవరు లోపల గొలుసు మీద నడుస్తుంది కాబట్టి బెల్టు తెగినా ఆయిల్ ఆగదు. ఇది చిన్న ధైర్యం కాదు, ఎందుకంటే ఈ ఇంజన్ నుంచి బయటకు పోవలసిన వేడిలో దాదాపు మూడో వంతును ఆయిలే మోస్తుంది. అయితే మిగిలిన రెండు వంతులు నీటివే. నీరు ఆగితే అల్యూమినియం రోటరు గదులు, వాటికి అటూ ఇటూ ఉన్న పోత ఇనుము పలకలు వేరువేరుగా వ్యాకోచించి, మధ్యనున్న నీటి సీళ్లు పాడవుతాయి. ఆ తరువాత ఇంజన్ మొత్తం విప్పక తప్పదు.

ఇక ఆల్టర్నేటర్ సంగతి. బ్యాటరీతో పని లేకుండా ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో ఈ ఇంజన్‌కు లేదు. రోటరుకు రెండేసి చొప్పున నాలుగు ప్లగ్గులు, ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు అన్నీ కరెంటు మీదే బతుకుతాయి. అంటే కారు నుంచి దించిన బెల్టును అలాగే ఉంచితే, ఒక్క రబ్బరు పట్టీ తెగినప్పుడు ఇంజన్‌కు నీళ్లు, కరెంటు ఒకేసారి కరువవుతాయి. ఈ రెండింటినీ విడదీయడమే మనం చేయబోయే పని. బెల్టు చెడ్డదని కాదు. రెండు ప్రాణాలను ఒకే పట్టీకి కట్టడం చెడ్డది.

దారి ఎంచుకోవడం

మూడు దారులున్నాయి. మొదటిది, పంపుకు ఒక బెల్టు, ఆల్టర్నేటర్‌కు వేరే బెల్టు పెట్టుకోవడం. రెండవది, ఆల్టర్నేటర్‌ను బెల్టు మీదే ఉంచి, నీటికి మాత్రం విద్యుత్ పంపు పెట్టుకోవడం. మూడవది, బెల్టే లేకుండా, ఆల్టర్నేటర్‌ను గేరు పెట్టె మీదనో మరో చోటనో నేరుగా నడిచేలా అమర్చుకోవడం. మూడవదానికి మీ గేరు పెట్టెకు అటువంటి వసతి ఉండాలి, లేనప్పుడు లేత్ పని చాలా అవసరమవుతుంది, తప్పు జరిగితే ప్రొపెల్లర్ నడిపే గేర్లకే ముప్పు. దాన్ని మొదటిసారి కట్టేవారికి నేను చెప్పను.

మొదటి దారి బరువెక్కువ, కాని కరెంటు లెక్క బలహీనంగా ఉన్న విమానానికి అదే మంచిది. మేము రెండవది ఎంచుకున్నాము. విద్యుత్ పంపు పెట్టగానే బెల్టు బెడద తీరిపోయినట్టు చాలామంది మురిసిపోతారు. నిజానికి నీటి భారం రబ్బరు మీద నుంచి బ్యాటరీ మీదకు మారింది, అంతే. అందుకే పని వరుస ముఖ్యం: మొదట కరెంటు లెక్క, తరువాత ఆల్టర్నేటర్, ఆఖరున పంపు. చెరువు గట్టు మీద ఏరేటర్లు పెంచేముందు జనరేటర్ సరిపోతుందో లేదో చూసుకోని ఆక్వా రైతు ఉండడు. ఇక్కడా అంతే.

కరెంటు లెక్క

కాగితం తీసుకుని ఒక్కొక్క పరికరం లాగే ఆంపియర్లు రాయండి. కంపెనీ కాగితం మీద ఉన్న అంకె కాకుండా, క్లాంప్ మీటరు పెట్టి మీరే కొలిచినది రాయండి. మా విమానంలో పెట్రోలు పంపు 5, ఇంజెక్టర్లు 3, ఇగ్నిషన్ 4, ఇంజన్ కంప్యూటర్ 1, విద్యుత్ నీటి పంపు పూర్తి వేగంలో 10, మొత్తం 23 ఆంపియర్లు ఇంజన్ బతకడానికే కావాలి. రేడియో, తెరలు, రాడార్‌కు విమానం ఉనికి తెలిపే ట్రాన్స్‌పాండర్, దీపాలు కలిపి మరో 12. మొత్తం 35. దీనికి 55 ఆంపియర్ల ఆల్టర్నేటర్ హాయిగా సరిపోతుంది.

ఇప్పుడు ఆల్టర్నేటర్ ఆగిందనుకోండి. 16 ఆంపియర్ అవర్ల బ్యాటరీని 23తో భాగిస్తే 41 నిమిషాలు వస్తాయి. ఆ లెక్కను నమ్మవద్దు. లెడ్ బ్యాటరీ మీద రాసి ఉండే సామర్థ్యం నెమ్మదిగా, గంటల తరబడి తోడినప్పటిది. వేగంగా తోడితే అంత ఇవ్వదు. కొత్త బ్యాటరీయే అరగంటకు అటూ ఇటూ, రెండేళ్లు వాడినది ఇంకా తక్కువ. దగ్గరి రన్‌వేకు చేరడానికి మీకు ఎంతసేపు పడుతుందో, దానికి రెట్టింపు సమయం ఇంజన్ నడిచేటంత కరెంటు చేతిలో ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. అది కుదరకపోతే రెండవ బ్యాటరీ పెట్టుకోవాలి, లేదా శాశ్వత అయస్కాంతంతో నడిచే చిన్న డైనమో ఒకటి అదనంగా బిగించుకోవాలి. కుబోటా ట్రాక్టర్లకు వచ్చే చిన్న డైనమోను సొంత విమానాల వాళ్లు చాలామంది ఇందుకు వాడతారు. మన ఊళ్లలో వరి కోత యంత్రాల దగ్గర ఆ కంపెనీ పేరు తెలియని వాడు ఉండడు కాబట్టి ఈ సంగతి చెప్పగానే మా ఊరి మెకానిక్కులు నవ్వారు.

పెట్రోలు పంపు, ఇగ్నిషన్, నీటి పంపులకు ప్రత్యేకమైన కరెంటు లైను ఒకటి ఏర్పాటు చేసి, దానికి రెండు వైపుల నుంచి కరెంటు వచ్చేటట్టు చూడండి. ఆల్టర్నేటర్‌లోని రెగ్యులేటర్ చెడిపోయి వోల్టేజి హద్దు మీరితే ఆ లైను మీది కంప్యూటర్లన్నీ ఒకేసారి పోతాయి. కాబట్టి వోల్టేజి సుమారు 16 దాటగానే ఆల్టర్నేటర్‌ను విడదీసే రక్షణ పరికరం తప్పనిసరి.

విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ నెగెటివ్ తీగ మొదట విప్పండి. మాగ్నెటో లేదు కదా అని ప్రొపెల్లర్ దగ్గర అజాగ్రత్త వద్దు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, అంటే కూలెంటును, శుభ్రమైన పాత్రలోకి దించండి. అది తియ్యగా ఉండే విషం, కుక్కలు, పిల్లులు నాకితే బతకవు. నేల మీద చుక్క మిగలకుండా తుడవండి. బెల్టు తీయకముందే దాని దారిని, బ్రాకెట్లను, వాషర్లు ఎక్కడెన్ని ఉన్నాయో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. వాషర్ల సంగతి తరువాత ఏడిపిస్తుంది.

ఇక్కడ ఈ మార్గదర్శి మొత్తంలోకీ ముఖ్యమైన హెచ్చరిక. షాఫ్టు చివర మధ్యలో ఒక పెద్ద బోల్టు కనిపిస్తుంది. పుల్లీ తీయాలంటే అదే విప్పాలనిపిస్తుంది. దాని జోలికి పోవద్దు. పుల్లీ వేరుగా నాలుగు చిన్న బోల్టులతో హబ్బుకు బిగించి ఉంటుంది. ఆ నాలుగూ విప్పితే పుల్లీ చేతిలోకి వస్తుంది. మధ్య బోల్టు విప్పి షాఫ్టు కొంచెం లోపలికి జరిగితే, కవరు వెనక సూదుల్లాంటి రోలర్లున్న థ్రస్టు బేరింగు తన చోటు నుంచి జారి కిందికి దిగవచ్చు. అది తెలియక మళ్లీ బిగిస్తే రెండు లోహపు ముఖాల మధ్య బేరింగు నలిగిపోతుంది. ఆ షాఫ్టుకు ముందుకూ వెనక్కూ ఉండవలసిన కదలిక 0.04 నుంచి 0.07 మి.మీ. మాత్రమే, 0.09 దాటితే సరిచేయాలి. వెంట్రుక మందంతో పోల్చదగిన కొలత అది. ఎవరైనా ఇంతకుముందే ఆ బోల్టు విప్పి ఉంటారని అనుమానం ఉంటే, డయల్ గేజీతో ఈ కదలిక కొలిచిన తరువాతే ముందుకు సాగండి.

కొన్ని ఇంజన్లలో పుల్లీ వెనక షాఫ్టు మీదే పళ్ల చక్రం, దాని పక్కన సెన్సారు ఉంటాయి. ఇగ్నిషన్ సమయాన్ని నిర్ణయించేది అదే. పాతవాటిలో పుల్లీ అంచున సమయం గుర్తులు గీసి ఉంటాయి. పుల్లీ మార్చబోతున్నారు కాబట్టి ఆ గుర్తులను కొత్త పుల్లీ మీదకు దించుకోవడం మరచిపోవద్దు.

ఆల్టర్నేటర్ బిగించడం

చాలామంది ఇక్కడ పాత పుల్లీలను అలాగే ఉంచి, బ్రాకెట్టు మాత్రమే కొత్తది చేసుకుంటారు. ఆ తప్పు మేమూ చేశాము, దాని కథ కాసేపట్లో చెబుతాను. మొదట అంకెలు చూద్దాం. షాఫ్టు పుల్లీ వ్యాసం 125 మి.మీ., ఆల్టర్నేటర్ పుల్లీ 60 మి.మీ. అనుకుందాం. షాఫ్టు 6500 చుట్ల దగ్గర ఆల్టర్నేటర్ 13,500కు పైగా తిరుగుతుంది. కారులో ఆ వేగం కొన్ని క్షణాలే. విమానంలో గంటల తరబడి. బేరింగు గ్రీజు, లోపలి తీగచుట్లు దానికి తయారు కాలేదు.

దానికన్నా లోతైన సమస్య బెల్టు వేగం. అదే 125 మి.మీ. పుల్లీ అంచు 6500 చుట్ల దగ్గర సెకనుకు 42 మీటర్లకు పైగా పరుగెడుతుంది. మామూలు వీ-బెల్టులకు 30 మీటర్ల దగ్గరే హద్దు గీస్తారు. వేగం పెరిగేకొద్దీ బెల్టు తన బరువుతోనే పుల్లీ నుంచి బయటకు లాగుకుంటుంది, ఆ లాగుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే నిలబడి ఉన్నప్పుడు బిగుతుగా కనిపించే బెల్టు, గరిష్ఠ వేగంలో పట్టు వదులుతుంది. మిల్లులో మాకు ఇది ఎప్పుడూ అనుభవం కాలేదు, ఎందుకంటే అక్కడి షాఫ్టు ఇంత వేగంగా ఎన్నడూ తిరగలేదు. వదులైందని ఇంకా బిగిస్తే పంపు, ఆల్టర్నేటర్ బేరింగులు అరుగుతాయి. మందు బిగించడం కాదు, పుల్లీ చిన్నది చేయడం.

నీటి పంపు బెల్టు మీద నుంచి వెళ్లిపోతోంది కాబట్టి షాఫ్టు పుల్లీని ఇప్పుడు మన ఇష్టప్రకారం చిన్నది చేయవచ్చు. 90 మి.మీ. చేస్తే బెల్టు వేగం 30 మీటర్ల దగ్గరకు దిగుతుంది. ఆల్టర్నేటర్ పుల్లీ 75 మి.మీ. పెడితే 6500 దగ్గర ఆల్టర్నేటర్ 7800 మాత్రమే తిరుగుతుంది. నేల మీద ఇంజన్ 1800 దగ్గర నెమ్మదిగా నడిచేటప్పుడు 2160. ఆ వేగంలో ఛార్జింగ్ తక్కువగా ఉంటుంది, కాని విమానం నేల మీద గడిపే సమయం కొద్దిసేపే.

మా మొదటి బ్రాకెట్టు 6 మి.మీ. అల్యూమినియం పలక. చూడటానికి ముచ్చటగా ఉంది. ఆల్టర్నేటర్ పుల్లీ కొంచెం లోపలికి ఉందని రెండు వాషర్లు వేసి ముందుకు తెచ్చాము. నేల మీద 4500 దాకా ఏ ఇబ్బందీ లేదు. 5500 దగ్గర పది నిమిషాలు నడిపి ఆపాక, మా వాడు లైటు పెట్టి ఫైర్‌వాల్ మీద చూపించాడు: పుల్లీకి సరిగ్గా ఎదురుగా, చూపుడువేలి వెడల్పున, నిలువుగా నల్లటి చార. నేను మసి అనుకుని వేలితో రుద్దాను. జిగటగా, ముద్దగా వచ్చింది.

"మావయ్యా, మసి కాదు ఇది. రబ్బరు."

బెల్టు ఒక పక్క అంచు తళతళలాడుతోంది, రెండో పక్క మామూలుగానే ఉంది. తప్పు రెండు చోట్ల ఉంది. వాషర్లు ఒకవైపు బోల్టుకే వేయడం వల్ల ఆల్టర్నేటర్ ఒక డిగ్రీ మేరకు పక్కకు తిరిగింది. పైగా పలక ఒంటిగా ఉండడంతో ఇంజన్ అదురుకు అది ఊగుతోంది. ఇంకో గంట నడిపి ఉంటే బెల్టు తిరగబడి జారిపోయేది.

కాబట్టి బ్రాకెట్టు ఆల్టర్నేటర్‌ను రెండు చెవుల దగ్గరా పట్టుకోవాలి, రెండు వైపులా ఇంజన్‌కే బిగించాలి. ఒక కొస ఇంజన్‌కు, ఇంకో కొస మౌంటు గొట్టానికి కడితే ఇంజన్ తన రబ్బరు దిమ్మల మీద కదిలినప్పుడల్లా బెల్టు బిగుతు మారుతుంది. వాషర్ల కుప్ప బదులు లేత్ మీద కోసిన ఒకే స్పేసరు వాడండి. వరుస చూడటానికి మంచి ఉక్కు స్కేలును పెద్ద పుల్లీ ముఖానికి ఆనించి, చిన్న పుల్లీ దగ్గర సందు ఎంతో ఫీలర్ గేజీతో చూడండి. వంపు అర డిగ్రీకి మించకూడదు, అంటే 300 మి.మీ. దూరానికి రెండున్నర మి.మీ. లోపు. గాడుల బెల్టు అయితే ఇంకా ఖచ్చితంగా ఉండాలి.

బిగుతుకు పాత సూత్రం ఒకటి సరిపోతుంది. రెండు పుల్లీల మధ్య తెరిచి ఉన్న పొడవులో ప్రతి 100 మి.మీ.కూ 1.6 మి.మీ. చొప్పున, నడిమధ్యలో బెల్టు కంపెనీ చెప్పిన బరువుతో నొక్కినప్పుడు దిగాలి. వేలితో నొక్కి ఊహించడం కన్నా చిన్న స్ప్రింగు త్రాసు వాడటం నయం. కొత్త బెల్టు మొదటి అరగంటలో సాగుతుంది కాబట్టి అప్పుడు మళ్లీ చూడాలి. ప్రతి నట్టూ టార్క్ రెంచితో బిగించి, తీగతో కట్టి లేదా లాక్ నట్టు వేసి, పైన రంగుతో ఒక గీత గీయండి. గీత విరిగితే నట్టు కదిలిందని టార్చి వెలుగులోనే తెలిసిపోతుంది.

నీటి పంపు మార్చడం

ఎంత నీరు కావాలో మొదట తేల్చుకోవాలి. 160 గుర్రాల శక్తి దగ్గర నీరు మోయవలసిన వేడి 80 కిలోవాట్లు అనుకుందాం. సగం నీరు, సగం గ్లైకాల్ కలిసిన కూలెంటు నిమిషానికి 115 లీటర్లు పారితే, ఇంజన్ లోపలికి వెళ్లేటప్పటికీ బయటకు వచ్చేటప్పటికీ దాని ఉష్ణోగ్రత 11, 12 డిగ్రీలు పెరుగుతుంది. అదే 60 లీటర్లే పారితే 22 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గేజీలో సగటు బాగానే కనిపించినా, ప్లగ్గుల చుట్టూ ఉన్న వేడి చోట్ల నీరు మరగడం మొదలవుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన డేవీస్ క్రెయిగ్ కంపెనీ విద్యుత్ పంపులు ఈ పనికి చాలామంది వాడతారు. వాటి పేరులోని 80, 115, 150 అంకెలు నిమిషానికి లీటర్లను సూచిస్తాయి. అయితే అవి ఏ అడ్డూ లేని గొట్టంలో వచ్చే లీటర్లు. మీ రేడియేటర్, మీ మలుపులు, మీ ఇంజన్ కలిసి అందులో ఎంత మింగుతాయో కొలిచి తెలుసుకోవలసిందే.

పాత పంపు లోపలి రెక్కల చక్రం తీసేసి, షాఫ్టు రంధ్రాన్ని మూసేయాలి, లేదా పంపు తీసేసిన చోట కొత్త గాస్కెట్టుతో పలక బిగించాలి. థర్మోస్టాట్ కూర్చునే గూటి అడుగున ఒక బైపాస్ రంధ్రం ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీరు రేడియేటర్‌కు పోకుండా వెనక్కి తిరిగే దారి అది. థర్మోస్టాట్ తీసేసి ఈ రంధ్రం మూయకపోతే, నీటిలో మంచి భాగం చల్లబడకుండానే ఇంజన్‌లోకి వెళ్తుంది. పంట కాలువకు గండి పెట్టుకుని చివరి పొలానికి నీరు అందలేదని వాపోవడం లాంటిది ఇది. రంధ్రానికి మరలు కోసి ప్లగ్గు బిగించండి.

కొత్త పంపు రేడియేటర్ కింది గొట్టం దగ్గర, చల్లని నీరు వచ్చే వైపు, వీలైనంత కిందగా ఉండాలి. దాని నోటికి నీరు తనంత తానుగా వచ్చి చేరాలి. నీటి మట్టానికి పైన పెడితే అది గాలి మింగి ఊరికే తిరుగుతుంది. గాలి బుడగ బయటకు పోవడానికి నీరు బయటకు పోయే మూతి పైకి చూస్తూ ఉండాలి. మోటారు భాగం పంపు భాగానికి కింద ఉండకూడదు, ఎందుకంటే సీలు కారితే నీరు నేరుగా మోటారులోకి దిగుతుంది. పొగ గొట్టానికి దూరంగా పెట్టండి, కుదరకపోతే మధ్యలో రేకు అడ్డం పెట్టండి. ఈ ఇంజన్ పొగ చాలా వేడిగా వస్తుంది.

రెండు పంపులు పెడితే ఇంకా భద్రం కదా అని అడుగుతారు. ఒకదాని వెనక ఒకటి పెడితే, ఒకటి ఆగినా రెండవది దాని గుండా నీటిని తోస్తుంది, ప్రవాహం తగ్గుతుంది కాని ఆగదు. పక్కపక్కన పెట్టి రెండింటి నీటినీ ఒకే గొట్టంలో కలిపితే మాత్రం నాన్ రిటర్న్ వాల్వు లేకుండా పనికిరాదు, నడుస్తున్న పంపు తోసిన నీరు ఆగిన పంపు గుండా వెనక్కి తిరుగుతుంది. ఒకే డెలివరీ పైపుకు రెండు మోటార్లు కట్టిన రైతుకు ఇది వివరించనక్కరలేదు. మేము రెండు చిన్న పంపులను ఒకదాని వెనక ఒకటి పెట్టి, రెండింటికీ వేరువేరు ఫ్యూజులు, వేరువేరు స్విచ్చులు ఇచ్చాము. కరెంటు లెక్కలో మళ్లీ మార్పు వచ్చింది, కాగితం మళ్లీ రాశాము.

ఇప్పుడు కొలత. ఇంజన్ నుంచి బయటకు వచ్చే గొట్టాన్ని విప్పి ఖాళీ పాత్రలోకి వదిలి, రేడియేటర్‌లోకి పై నుంచి అంతే వేగంగా మంచినీళ్లు పోస్తూ పంపు నడపండి. మన ఊళ్లలో ఇంటింటికీ వేసే 20 లీటర్ల నీళ్ల టిన్ను ఉంది చూడండి, దాని వంటిదే మా వాడు దుకాణం నుంచి తెచ్చి మెడ కోసి పెట్టాడు. అది 12 సెకన్లలో నిండితే నిమిషానికి 100 లీటర్లు, 15 సెకన్లు పడితే 80. మాది మొదట 21 సెకన్లు పట్టింది. కారణం ఒక గొట్టం మలుపు దగ్గర లోపలికి నొక్కుకుపోవడం. లోపల స్ప్రింగు ఉన్న గొట్టం మార్చాక 14కు దిగింది. ఈ పరీక్ష బ్యాటరీ 12 వోల్టుల దగ్గర ఒకసారి, ఛార్జరు పెట్టి 14 దగ్గర ఒకసారి చేయండి. ఆల్టర్నేటర్ ఆగిన రోజు మీకు దొరికే ప్రవాహం మొదటి అంకె.

గాలి తీయడం

కొత్తగా నింపిన కూలెంటులో గాలి తప్పక చిక్కుకుంటుంది. ఒత్తిడి మూత ఉన్న చిన్న తొట్టిని వ్యవస్థ మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైన చోట పెట్టి, ఇంజన్ పై భాగం నుంచి, రేడియేటర్ పై మూల నుంచి దానికి సన్నని గొట్టాలు వేయండి. విమానం నేల మీద తోక మీద కూర్చునే రకమైతే, ఎత్తైన చోటు నేల మీద ఒకటి, గాలిలో ఒకటి. రెండు భంగిమల్లోనూ చూడాలి. విద్యుత్ పంపు ఇక్కడ ఒక వరం: ఇంజన్ తిప్పకుండానే పంపు ఒక్కటే అరగంట నడిపి, తోక ఎత్తీ దించీ బుడగలు పూర్తిగా పోయేదాకా చూడవచ్చు.

మూత విషయంలో పిసినారితనం వద్దు. పదివేల అడుగుల ఎత్తులో తెరిచి ఉన్న నీరు 90 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. 0.9 బార్ దగ్గర తెరుచుకునే మంచి మూత ఆ హద్దును పైకి నెడుతుంది. మూత రబ్బరు గట్టిపడితే ఆ బలం పోతుంది.

నేల మీద పరీక్షలు

విమానాన్ని గట్టిగా కట్టి, చక్రాలకు అడ్డాలు పెట్టి, మొదటి పది నిమిషాలు తక్కువ వేగంలో నడిపి ఆపండి. బెల్టు బిగుతు, నీటి చెమ్మ, నట్ల మీద గీతలు చూడండి. రెండవసారి 4500 దాకా, మూడవసారి పూర్తి శక్తి. పూర్తి శక్తి నేల మీద ఎక్కువసేపు వద్దు, రేడియేటర్‌కు గాలి చాలదు. కూలెంటు 100 డిగ్రీలు తాకగానే నేను శక్తి తగ్గిస్తాను. ప్రతిసారీ నడిపేముందు ఫైర్‌వాల్ మీద తెల్ల కాగితం టేపు అంటించి ఉంచండి. నల్ల చార వస్తే కాగితం మీదే దొరుకుతుంది.

ఆ తరువాత కావాలని చెడగొట్టి చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ స్విచ్చు ఆపండి. హెచ్చరిక దీపం ఎన్ని సెకన్లలో వెలిగిందో, ఏయే స్విచ్చులు ఆపితే కరెంటు ఇంజన్ బతకడానికి కావలసినంతకే దిగిందో, గడియారం పెట్టి చూసి రాయండి. వోల్టేజి 11.5కు దిగేదాకా నడిపితే మీ బ్యాటరీ నిజంగా ఎన్ని నిమిషాలు ఇస్తుందో తెలుస్తుంది. మా బ్యాటరీ కాగితం మీది లెక్కకన్నా పన్నెండు నిమిషాలు తక్కువ ఇచ్చింది. ఆ అంకెనే ప్యానెల్ మీద అంటించాము. తరువాత ఒక పంపు ఆపి, రెండవదానితో ఎంత శక్తి దాకా ఉష్ణోగ్రత నిలుస్తుందో చూడండి. పంపుకు కరెంటు అందుతోందా అన్నది ఒకటి, నీరు పారుతోందా అన్నది వేరొకటి. దీపం మొదటిదే చెబుతుంది. నీరు ఇంజన్‌లోకి వెళ్లేముందు, బయటకు వచ్చాక ఉండే రెండు ఉష్ణోగ్రతల తేడా చూపే గేజీ రెండవది చెబుతుంది. తేడా ఉన్నట్టుండి పెరిగితే ప్రవాహం తగ్గిందని అర్థం. ఏమీ పారకపోతే మాత్రం సెన్సారు దగ్గరకు వేడి నీరే రాక గేజీ తగ్గినట్టు కూడా చూపవచ్చు. పైలట్‌కు ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

కాగితాలు, మొదటి ప్రయాణాలు, ఆపై తనిఖీ

అమెరికాలో ప్రయోగాత్మక తరగతిలో నమోదైన సొంత విమానానికి ఇలాంటిది పెద్ద మార్పు కిందకు వస్తే, విమానంతో పాటు ఇచ్చిన నిర్వహణ షరతుల ప్రకారం మళ్లీ పరీక్షా ప్రయాణాల దశకు వెళ్లవలసి ఉంటుంది. ఆ దశలో ప్రయాణికులను ఎక్కించకూడదు. మీ కాగితాల్లో ఏముందో చదివి, మార్పు వివరాలు, బరువు, బరువు కేంద్రం లెక్కలు లాగ్ పుస్తకంలో రాయండి. బెల్టు పంపు పోయి విద్యుత్ పంపు కిందికి, ముందుకు జరిగితే బరువు కేంద్రం కొంచెమైనా మారుతుంది.

మొదటి ప్రయాణం రన్‌వే మీదనే, ఇంజన్ ఆగినా దిగగల ఎత్తులో గుండ్రంగా తిరుగుతూ. దిగాక ఇంజన్ చుట్టూ ఉండే విమానం తొడుగు విప్పి చూడాలి. తరువాత 5 గంటలకు, 10 గంటలకు, ఆపై ప్రతి 25 గంటలకు బెల్టు చూడండి. ఒక పక్క మెరుపు వస్తే పుల్లీల వరుస తప్పింది. అడుగున అడ్డంగా పగుళ్లు వస్తే వయసు అయిపోయింది. అంచు నూలుపోగులు లేస్తే ఎక్కడో రాసుకుంటోంది. చెడిపోకపోయినా ఏడాదికోసారి బెల్టు మార్చడం మా పద్ధతి.

సముద్రపు గాలి తగిలే చోట విమానం ఉంచేవారికి ఒక మాట. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లలో స్విచ్చు బోర్డుల్లో రాగికి ఏడాది తిరగకుండానే పచ్చటి చిలుము పడుతుంది. ఆల్టర్నేటర్ వెనక తీగ కొసలకు, పంపు కనెక్టర్లకు, ఇంజన్‌కు ఎర్తు పట్టే చోటుకు అదే జరుగుతుంది. ఎర్తు దగ్గర చిలుము పడితే పంపు నెమ్మదిస్తుంది, టిన్ను నిండే సెకన్లు పెరుగుతాయి. ఆరు నెలలకోసారి ఆ కొసలు విప్పి, గీకి, గ్రీజు పూసి బిగించి, టిన్ను పెట్టి మళ్లీ సెకన్లు లెక్కపెట్టండి. షెడ్డులో ఎలుకలు ఉంటే ఆ పని ఆరు నెలల దాకా ఆపవద్దు. తీగల పైతొడుగు కొరికే ఎలుకలకు ఇంజన్ గూడు వెచ్చగా ఉంటుంది.